ఎవరు గెలిచారో ఆఖర్న చెబుతాను

పిల్లలకి ఏ యుద్ధం గురించైనా చెప్పడం మొదలుపెట్టండి. రెండో నిమిషంలోనే ఒక ప్రశ్న వస్తుంది. "ఎవరు గెలిచారు?" అని. క్రికెట్ స్కోరు అడిగినట్టే! జవాబు చెప్పేశామా, వాళ్ళ లెక్కలో కథ అయిపోయినట్టే. ఇక మిగిలినవన్నీ హైలైట్సే.

నేను ముప్పై ఏళ్ళు హైస్కూల్లో సోషల్ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు విజయవాడలో మా అమ్మాయి వాళ్ళ దగ్గర ఉంటున్నాను. మనవరాలు అమ్మమ్మా అంటుంది కాబట్టి అపార్ట్‌మెంట్‌లో పిల్లలందరికీ నేను అమ్మమ్మనే. వేసవి సెలవుల్లో ఎండ చల్లబడ్డాక డాబా మీద కథల కార్యక్రమం ఉంటుంది మాకు. పది పన్నెండు మంది చేరతారు. మామూలు రోజుల్లో మర్యాద రామన్న, కాశీమజిలీలు, తెనాలి రామకృష్ణుడు. సెలవుల ఆఖరి వారంలో మాత్రం, అంటే జూన్ 6కి కాస్త అటూ ఇటూగా, నాలుగు సాయంత్రాలు నార్మండీ కథ చెబుతాను. రెండో ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండ్ నుంచి సముద్రం దాటి వెళ్ళి, జర్మనీ చేతిలో ఉన్న ఫ్రాన్స్ తీరం మీద దిగిన కథ. లోకమంతా డీ-డే అని పిలిచే రోజు.

"పిల్లలకి ఈ చావుల గోల ఎందుకండీ, హాయిగా రాముడి కథ చెప్పక?" అన్నారు మా ఎదురింటావిడ.

"రాముడి కథలోనూ సముద్రం దాటి వెళ్ళి చేసిన యుద్ధమే ఉంది కదండీ" అన్నాను. ఆవిడ నవ్వేశారు.

నిజం చెప్పాలంటే, ఈ కథ వాళ్ళకి కొత్త కాదు. ఫోన్లో గేమ్ ఆడే కుర్రాళ్ళకి ఆ పడవలు, ఆ ఇసుక, ఆ తుపాకుల మోత ముందే తెలుసు. ఆ ఆటలో చచ్చిపోతే ఏముంది? మళ్ళీ బటన్ నొక్కి లేచి పరిగెత్తడమే. నేను చెప్పకపోతే వాళ్ళకి యుద్ధం తెలియకుండా పోదు. ఫోను ఎలా చెబితే అలా తెలుస్తుంది, అంతే.

అందుకని నాదొక షరతు. "ఎవరు గెలిచారో ఆఖర్న చెబుతాను. అప్పటిదాకా ఎవరూ అడగకూడదు. తెలిసినవాళ్ళు చెప్పకూడదు. ఎందుకంటే ఆ రోజు పొద్దున పడవల్లో కూర్చున్నవాళ్ళలో ఒక్కరికి కూడా ఆ సంగతి తెలియదు."

కిందటేడు ఈ కథ చెప్పడానికి ముందు నాకు ఇంకొక ఆలోచన పట్టుకుంది. రెండో అంతస్తులోకి కొత్తగా ఒక కుటుంబం వచ్చింది. తండ్రి ఆర్మీలో ఉన్నారు, సరిహద్దులో డ్యూటీ. పదకొండేళ్ళ అమ్మాయి కూడా కథలకి వస్తోంది. మిగతా పిల్లలకి ఇది కథ. ఆ పిల్లకి కాదు. వాళ్ళమ్మని పిలిచి అడిగాను. ఆవిడ కాసేపు ఆలోచించి "చెప్పండి టీచర్‌గారూ. దాని ముందు మేమెవ్వరం ఆ మాట ఎత్తం. అందుకే మరీ భయపడుతోందేమో" అంది.

మొదటి సాయంత్రం చాక్‌పీసుతో డాబా మీద పటం గీశాను. ఇటు ఇంగ్లండ్, అటు ఫ్రాన్స్, మధ్యలో ఇంగ్లిష్ ఛానల్. "టీవీ ఛానలా అమ్మమ్మా?" అన్నాడొక చిన్నాడు. కాదురా, సముద్రపు పాయ. కలే అనే ఊరి దగ్గర దాని వెడల్పు 33 కిలోమీటర్లు మాత్రమే. మనం విజయవాడ నుంచి గుంటూరు వెళ్ళినంత. 1940లో హిట్లర్ సైన్యం ఫ్రాన్స్‌ని ఆక్రమించింది. అప్పట్నుంచీ ఆ తీరం పొడుగునా కాంక్రీటు గోడలు, ముళ్ళతీగలు, మందుపాతరలు, ఫిరంగులు పెట్టుకుంటూ వచ్చింది. అటు తూర్పున రష్యా 1941 నుంచి జర్మనీతో ప్రాణాలకి తెగించి పోరాడుతోంది. పడమటి వైపు నుంచి మీరూ ఒక దెబ్బ వెయ్యండని స్టాలిన్ పోరు పెడుతున్నాడు.

"మరి వెంటనే వెళ్ళొచ్చు కదా?" అన్నాడు మూడో అంతస్తు కుర్రాడు. వెళ్ళి చూశారు. 1942 ఆగస్టు 19న డియెప్ అనే రేవు మీద దాదాపు 6,000 మందితో దాడి చేశారు. అందులో 5,000 మంది దాకా కెనడా వాళ్ళు. మధ్యాహ్నం దాటే సరికి అంతా అయిపోయింది. కెనడా సైనికులే 900 మందికి పైగా చనిపోయారు. దాదాపు 2,000 మంది ఖైదీలయ్యారు. సముద్రం మీద నుంచి వెళ్ళి కోటలాంటి తీరాన్ని పట్టుకోవడం అంటే ఏమిటో ఆ ఒక్క పూటలో తెలిసొచ్చింది. కాబట్టి నార్మండీకి బయల్దేరినవాళ్ళకి ఓడిపోతే ఎలా ఉంటుందో తెలుసు. గెలుస్తామో లేదో మాత్రమే తెలియదు.

రెండో సాయంత్రం పిల్లలకి భలే ఇష్టం. అంతా పరిశోధన, మోసం, నాటకం!

నార్మండీ తీరం ఎలా ఉంటుందో తెలియాలి కదా. విమానాల మీద నుంచి తీసిన ఫొటోలు చాలవు. అందుకని 1942లోనే బ్రిటన్‌లో రేడియో ద్వారా జనాన్ని అడిగారు. యుద్ధానికి ముందు యూరప్ సముద్రతీరాలకి షికారు వెళ్ళినప్పుడు తీసుకున్న ఫొటోలు, కొన్న పోస్టుకార్డులు ఉంటే పంపండి అని. లక్షల కొద్దీ వచ్చాయి. పిల్లలు ఇసుకలో గూళ్ళు కట్టుకుంటున్న ఫొటోలో వెనకాల కనిపించే గట్టు ఎంత ఎత్తుందో ఎవరో కూర్చుని కొలిచారన్నమాట.

ఆ ఇసుక ట్యాంకుల బరువు మోస్తుందా, లేక చక్రాలు దిగబడిపోతాయా? ఆ సంగతి ఫొటోలో కనిపించదు. 1943 డిసెంబరు 31 రాత్రి, అందరూ కొత్త సంవత్సరం హడావిడిలో ఉన్నప్పుడు, ఇద్దరు బ్రిటిష్ సైనికులు చల్లటి సముద్రంలో ఈదుకుంటూ నార్మండీ ఒడ్డుకి వెళ్ళారు. జర్మన్ కాపలావాళ్ళ కళ్ళుగప్పి, ఇసుకలోకి గొట్టాలు దించి మట్టి తీసుకుని, మళ్ళీ ఈదుకుంటూ వచ్చేశారు. "మట్టి కోసం ప్రాణాలు పెట్టారా!" అని నోరు తెరిచారు పిల్లలు.

ఇక మోసం సంగతి. దిగేది నార్మండీలో. కానీ కలే దగ్గర దిగుతున్నట్టు జర్మనీని నమ్మించాలి. అక్కడే కదా దూరం తక్కువ! దానికోసం లేని సైన్యాన్ని ఒకదాన్ని సృష్టించారు. గాలి కొట్టిన రబ్బరు ట్యాంకులు, ఉత్తుత్తి పడవలు, లేని దళాల మధ్య వైర్‌లెస్ సందేశాలు. దానికి అధిపతిగా జనరల్ ప్యాటన్ పేరు చూపించారు. జర్మనీ కోసం పనిచేస్తున్నట్టు నటిస్తూ బ్రిటన్ కోసం పనిచేసిన స్పెయిన్ దేశస్థుడు హువాన్ పుజోల్ గార్సియా ఈ అబద్ధాన్ని ఎంత చక్కగా మోశాడంటే, అతనికి జర్మనీ ఒక పతకం ఇచ్చింది, బ్రిటన్ ఒక పతకం ఇచ్చింది! నార్మండీలో దిగాక కూడా కొన్ని వారాల పాటు జర్మనీ తన పెద్ద సైన్యాన్ని కలే దగ్గరే ఉంచేసింది, అసలు దాడి ఇంకా రావాలి అనుకుంటూ.

వారపత్రికల్లో గళ్ళ నుడికట్టు పూరించేవాళ్ళకి బాగా నచ్చే సంగతి ఇంకొకటుంది. 1944 మే నెలలో లండన్‌లోని డైలీ టెలిగ్రాఫ్ పత్రిక పజిల్‌లో జవాబులుగా ఒకదాని తర్వాత ఒకటి వింత మాటలు వచ్చాయి. యూటా, ఒమాహా, ఓవర్‌లార్డ్, మల్బెరీ, జూన్ 1న నెప్ట్యూన్. ఇవన్నీ ఈ దాడికి సంబంధించిన రహస్య సంకేతాలు! పజిల్ తయారుచేసేది ఒక బడి హెడ్‌మాస్టరు. గూఢచారి శాఖ వాళ్ళు వచ్చి ఆయన్ని కూర్చోబెట్టి ప్రశ్నించారు. పాపం ఆయనకేమీ తెలియదు. చాలా ఏళ్ళ తర్వాత, 1984లో, ఆయన పాత విద్యార్థి ఒకాయన చెప్పాడు. బడి దగ్గర్లో మకాం వేసిన సైనికుల నోట విన్న మాటల్ని తానే ఆ గళ్ళల్లో పెట్టానని. "పిల్లల చెవులు పాము చెవులు" అన్నాను. అందరూ తెగ మురిసిపోయారు.

మూడో సాయంత్రం వానతో మొదలుపెట్టాను. మన విజయవాడ పిల్లలకి తుఫాను గురించి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు కదా!

ముందు అనుకున్న రోజు జూన్ 5. పారాచూట్లలో దూకేవాళ్ళకి వెన్నెల కావాలి. పడవలవాళ్ళకి తెల్లవారుజామున ఆటు కావాలి, నీళ్ళల్లో జర్మన్లు పాతిన అడ్డంకులు పైకి కనిపించేలాగ. రెండూ కుదిరేది ఆ రెండు మూడు రోజులే. తప్పితే రెండు వారాలు ఆగాలి. అప్పటికే లక్షల మందికి సంగతి తెలుసు. ఎంతకాలం దాస్తారు?

ఐర్లండ్ పడమటి కొసన బ్లాక్‌సాడ్ అనే చోట పోస్టాఫీసులో మౌరీన్ ఫ్లావిన్ అనే అమ్మాయి పనిచేసేది. గాలి ఒత్తిడి కొలిచి పంపడం కూడా ఆమె ఉద్యోగంలో భాగమే. జూన్ 3న ఆమెకి 21 నిండాయి. ఆ పుట్టినరోజు నాడు ఆమె కొలిచిన లెక్కలో ఒత్తిడి బాగా పడిపోతోంది. ఇంగ్లండ్ నుంచి ఫోన్ వచ్చింది, మళ్ళీ చూసి చెప్పమని. మళ్ళీ చూసింది. అదే లెక్క. ఆ లెక్కల్ని, ఇంకా మిగతా చోట్ల నుంచి వచ్చిన లెక్కల్ని పట్టుకుని, వాతావరణ అధికారి జేమ్స్ స్టాగ్ జనరల్ ఐసన్‌హోవర్‌కి తుఫాను వస్తోందని చెప్పాడు. దాడి ఒక రోజు వాయిదా పడింది. జూన్ 6న కొద్ది గంటలపాటు తెరిపి ఇస్తుందని స్టాగే మళ్ళీ చెప్పాడు. అవతల జర్మన్ సేనాని రోమెల్, ఇంత పాడు వాతావరణంలో ఎవరొస్తారులే అనుకుని, భార్య పుట్టినరోజుకి ఇంటికి వెళ్ళాడు. ఆవిడ పుట్టినరోజు సరిగ్గా జూన్ 6! తన లెక్క ఎవరికోసమో, ఎందుకోసమో మౌరీన్‌కి ఏళ్ళు గడిచాక గానీ తెలియలేదు. ఆమె నూరేళ్ళు బతికి 2023లో కన్నుమూశారు.

జూన్ 5 తెల్లవారుజామున ఐసన్‌హోవర్ సరే వెళ్దాం అన్నాడు. ఆ తర్వాత ఆయన చేసిన ఒక పని ఉంది. నేను ఈ కథ చెప్పేది ప్రధానంగా దానికోసమే.

ఆయన ఒక చిన్న కాగితం మీద పెన్సిలుతో నాలుగు వాక్యాలు రాసి జేబులో పెట్టుకున్నాడు. ఒకవేళ ఓడిపోతే లోకానికి ప్రకటించాల్సిన మాటలవి. కంగారులో జూన్ బదులు జూలై అని తేదీ కూడా తప్పు వేశాడు. దిగడం విఫలమైంది, సైన్యం వెనక్కి తీసుకోబడింది అని ముందు రాశాడు. తర్వాత ఆ ముక్క కొట్టేసి, నేను సైన్యాన్ని వెనక్కి తీసుకున్నాను అని దిద్దాడు. సైనికులు తమ వంతు ధైర్యంగా చేశారని, తప్పంటూ ఏదైనా ఉంటే అది తన ఒక్కడిదేనని రాసి ఆ చివరి మాట కింద గీత గీశాడు.

"కర్మణి వాక్యాన్ని కర్తరి వాక్యం చేశాడు!" అని అరిచింది టెన్త్‌కి వచ్చిన అమ్మాయి. అంతే కదా! తెలుగు పరీక్షలో రెండు మార్కులకి చేసే పనిని ఆయన అక్కడ చేశాడు. మన భాషలో దీనికి ఇంకా సులువైన దారి కూడా ఉంది. ఇంట్లో గ్లాసు పగిలితే పిల్లలు ఏమంటారు? "అమ్మా, గ్లాసు పగిలిపోయింది" అంటారు. దానంతట అదే పగిలిపోయినట్టు! పెద్దవాళ్ళమూ అంతే. "పని జరగలేదండీ", "ఫైలు ఆగిపోయిందండీ" అంటాం. నేను చెయ్యలేదు, నేను ఆపాను అని ఎంతమంది అంటారు? లక్షన్నర మంది ప్రాణాల్ని చేతిలో పెట్టుకున్న మనిషి, ఇంకా ఓడిపోకముందే, నేను అని రాసుకున్నాడు.

ఆ కాగితం బయటపెట్టాల్సిన అవసరం రాలేదు. తర్వాత ఆయన సహాయకుడు దాచాడు కాబట్టి ఇప్పటికీ ఉంది. గెలిచాక చెప్పిన మాటలకన్నా ఓటమికోసం రాసుకున్న ఈ మాటల్లోనే పిల్లలకి ఆ మనిషి అర్థమవుతాడు. అంత పెద్ద సేనానికి కూడా రేపేమవుతుందో తెలియలేదని వాళ్ళకి అప్పుడు నమ్మకం కుదురుతుంది.

ఇక జూన్ 6, మంగళవారం. అర్ధరాత్రి దాటిన పావుగంటకి ఇంజను లేని గ్లైడర్ విమానాలు చప్పుడు లేకుండా ఒక కాలువ వంతెన పక్కన వాలాయి. వేల మంది పారాచూట్లతో చీకట్లోకి దూకారు. ఒకళ్ళనొకళ్ళు గుర్తుపట్టడానికి కొందరు అమెరికన్ సైనికుల దగ్గర టిక్కుటిక్కుమనే చిన్న రేకు బొమ్మలుండేవి. ఒకసారి నొక్కితే అవతలివాడు రెండుసార్లు నొక్కాలి. తెల్లవారేసరికి సముద్రం నిండా దాదాపు 7,000 ఓడలు, పడవలు. దాడి చేసిన తీరం పొడవు సుమారు 80 కిలోమీటర్లు, విజయవాడ నుంచి మచిలీపట్నం దాటి ఇంకొంచెం. అయిదు చోట్ల దిగారు. యూటా, ఒమాహా అమెరికా వాళ్ళవి. గోల్డ్, స్వోర్డ్ బ్రిటన్‌వి. జూనో కెనడాది. ఆ ఒక్క రోజులో సముద్రం మీద నుంచి, ఆకాశం నుంచి కలిపి దిగినవాళ్ళు సుమారు 1,56,000 మంది.

ఇక్కడ అంకెలు ఆపేస్తాను. ఒక్క పడవ గురించి చెబుతాను. తలుపు కిందికి పడితే వంతెనలా పరుచుకునే చెక్క పడవ. ముప్పై మందికి పైగా నిలబడి ఉన్నారు. రాత్రంతా అలలకి కడుపులో తిప్పి వాంతులు చేసుకున్నారు. బట్టలు తడిసి ముద్దయ్యాయి. వీపు మీద మోయలేనంత బరువు. ఒమాహా దగ్గర మబ్బుల వల్ల విమానాల బాంబులు తీరం దాటి వెనక పొలాల్లో పడ్డాయి. తేలుతూ రావాల్సిన ట్యాంకులు చాలావరకు మునిగిపోయాయి. పైన గట్టు మీద జర్మన్ మెషిన్‌గన్లు అలాగే ఉన్నాయి. తలుపు పడింది. ఎదురుగా చాటుకి ఏమీ లేని ఇసుక.

"తర్వాత?" అన్నారు పిల్లలు.

తర్వాత చాలామంది ఆ ఇసుక దాటలేదు. అలా అని ఊరుకుంటాను. రక్తం గురించి వర్ణించను. కానీ చనిపోలేదని, నొప్పి పుట్టలేదని అబద్ధం కూడా చెప్పను. మిగిలినవాళ్ళు గట్టు కింద కాసేపు ఒదిగి కూర్చున్నారు. చిన్న చిన్న గుంపులుగా లేచారు. పక్క నుంచి ఎక్కడం మొదలుపెట్టారు. పై నుంచి ఎవరో గొప్ప ఆజ్ఞ ఇస్తే జరిగింది కాదది. అక్కడున్నవాళ్ళు, ఇక్కడే ఉంటే ఎలాగూ చస్తాం అనుకుని లేచారు.

అప్పుడు అడిగింది ఆర్మీవాళ్ళ అమ్మాయి. మూడు రోజుల్లో ఆ పిల్ల నోరు తెరవడం అదే మొదలు. "వాళ్ళ ఇళ్ళల్లో ఎప్పుడు చెప్పారు అమ్మమ్మా?"

అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలో బెడ్‌ఫర్డ్ అని చిన్న ఊరు. మూడు వేల పైచిలుకు జనాభా. ఒమాహాలో మొదట దిగిన దళాల్లో ఒకటి ఆ ఊరి కుర్రాళ్ళది. ఆ ఒక్క రోజే ఆ ఊరివాళ్ళు దాదాపు 20 మంది పోయారు. ఊళ్ళో మాత్రం అందరూ రేడియోలో డీ-డే వార్తలు విని, ఉత్తరాల కోసం ఎదురుచూస్తూ ఉండిపోయారు. నెల దాటింది. జూలై 17న మందుల షాపులో ఉన్న టెలిగ్రాం యంత్రం మోగడం మొదలుపెట్టింది. ఒకటి వచ్చింది, ఆగుతుందనుకుంటే ఇంకొకటి. ఆ ఒక్క రోజే తొమ్మిది.

టెలిగ్రాం అంటే ఈ పిల్లలకి తెలియదు. మన దేశంలో 2013లో ఆపేశారు కదా. ఒకప్పుడు మన ఊళ్ళల్లో కూడా టెలిగ్రాం అనగానే చదవకముందే ఏడుపులు మొదలయ్యేవి అని చెప్పాను.

ఆ దళంలో కవల అన్నదమ్ములు ఉన్నారు. వేరే వేరే పడవలు ఎక్కబోతూ ఒకడు చెయ్యి చాపాడు. రెండోవాడు చెయ్యి కలపలేదు. అవతలి ఊళ్ళో కలుసుకున్నాక కలుపుతాలే అన్నాడు. అతని పడవ దారిలో మునిగిపోయి అతను బతికాడు. కొన్ని రోజుల తర్వాత నార్మండీకి వచ్చినప్పుడు తోబుట్టువు సమాధి కనిపించింది.

ఎవరూ మాట్లాడలేదు. ఆ అమ్మాయి మాత్రం మెల్లిగా అంది. "మా నాన్న బయల్దేరేటప్పుడు నేను నిద్రలో ఉన్నట్టు నటిస్తాను. ఈసారి లేస్తాను." నేనేమీ అనలేదు. పక్కనున్న మా మనవరాలు ఆ పిల్ల చెయ్యి పట్టుకుని కూర్చుంది.

నాలుగో సాయంత్రం పిల్లలు వాళ్ళంతట వాళ్ళే ప్రశ్నలు పట్టుకొచ్చారు. అవతలివైపు వాళ్ళందరూ చెడ్డవాళ్ళేనా? హిట్లర్ చేసింది మహా ఘోరం, అందులో రెండో మాట లేదు. కానీ ఆ గట్టు మీద ఉన్న సైనికుల్లో కుర్రాళ్ళున్నారు, వయసు మళ్ళినవాళ్ళున్నారు, రష్యా నుంచి, పోలండ్ నుంచి బలవంతాన పట్టుకొచ్చి యూనిఫాం తొడిగినవాళ్ళూ ఉన్నారు. ఒమాహా పైన అమెరికన్ల స్మశానంలో 9,300కి పైగా సమాధులున్నాయి. అక్కడికి దగ్గర్లోనే లా కాంబ్‌లో జర్మన్ల స్మశానం ఉంది. అక్కడ 21,000 మందికి పైగా ఉన్నారు.

మరి ఆ ఊళ్ళల్లో ఉన్న మామూలు జనం? ఈ ప్రశ్న గేముల్లో రాదు. నార్మండీ యుద్ధంలో చనిపోయిన ఫ్రెంచి పౌరులు దాదాపు 20,000 మంది. చాలామంది వాళ్ళని విడిపించడానికి వచ్చినవాళ్ళ బాంబుల వల్లే పోయారు. కాన్ నగరం చాలావరకు నేలమట్టమైంది. జనం పాత మఠంలోనూ, ఊరి బయట రాతి గనుల్లోనూ తలదాచుకున్నారు. "కాపాడటానికి వచ్చి చంపేశారా?" అన్నాడు మూడో అంతస్తు కుర్రాడు కోపంగా. అవును నాన్నా, రెండూ జరిగాయి. ఒకటి చెప్పి రెండోది దాస్తే అది చరిత్ర కాదు.

తర్వాతి ప్రశ్న ప్రతి ఏడూ వచ్చేదే. "మనవాళ్ళు ఉన్నారా?" నార్మండీ తీరంలో భారత సైన్యపు డివిజన్లు దిగలేదు. కానీ ఆ యుద్ధంలో దాదాపు 25 లక్షల మంది భారతీయ సైనికులున్నారు. సరిగ్గా ఆ జూన్ నెలలో వాళ్ళు ఇటలీలో పోరాడుతున్నారు. మన ఈశాన్యంలో ఇంఫాల్, కోహిమాల దగ్గర జపాన్ సైన్యాన్ని ఆపుతున్నారు. ఆ రెండు ఊళ్ళ మధ్య దారి తెరుచుకున్నది 1944 జూన్ 22న. యుద్ధం మన గడప దాకా కూడా వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. కాకినాడలో మా అమ్మకి అప్పుడు పదేళ్ళు. సామానంతా ఎడ్లబండికెక్కించి లోపలి పల్లెలకి పోయామని, వాళ్ళ నాన్న ఒక్కరే ఇంటికి తాళం వెయ్యకుండా గుమ్మంలో నిలబడ్డారని చెప్పేది. మళ్ళీ వస్తామో రామో వాళ్ళకీ తెలియదు.

చివరగా ఇంకొక అమ్మాయి గురించి చెప్పాను. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక ఆఫీసు వెనక గదుల్లో దాదాపు రెండేళ్ళుగా దాక్కున్న ఆన్ ఫ్రాంక్. యూదులు కావడమే వాళ్ళు చేసిన నేరం. జూన్ 6న రేడియోలో ఈ వార్త విని ఆ అమ్మాయి డైరీలో రాసుకుంది. మళ్ళీ బడికి వెళ్ళొచ్చేమోనన్న ఆశ కలిగింది. ఇంకో ఆరు రోజులకి ఆమెకి పదిహేనేళ్ళు నిండాయి. వాళ్ళ నాన్న గోడకి నార్మండీ పటం అంటించి, సైన్యం ముందుకి జరిగినకొద్దీ గుండుసూదులు గుచ్చుతూ వచ్చారు. ఆ పటం ఇప్పటికీ ఆ గోడ మీదే ఉంది. ఆగస్టు 4న పోలీసులు వచ్చారు. పారిస్ విడుదలైంది ఆగస్టు 25న. ఆన్, ఆమె అక్క మార్గో 1945 మొదట్లో బెర్గెన్-బెల్సెన్ నిర్బంధ శిబిరంలో చనిపోయారు. బ్రిటిష్ సైన్యం ఆ శిబిరానికి చేరింది ఏప్రిల్ 15న.

"ఇప్పుడు అడగండి" అన్నాను.

ఎవరూ అడగలేదు. చివరికి చిన్నాడు, టీవీ ఛానలా అన్నవాడు, "ఎవరు గెలిచారు అమ్మమ్మా?" అన్నాడు, ఒప్పుకున్న పని పూర్తి చేసినట్టు. చెప్పాను. మిత్రరాజ్యాలు ఆ తీరాన్ని వదల్లేదు. ఆగస్టు ఆఖరుకి ఇరవై లక్షల మందికి పైగా ఫ్రాన్స్‌లో దిగారు. తూర్పు నుంచి రష్యా కూడా తోసుకొచ్చింది. 1945 మే 8న యూరప్‌లో యుద్ధం ముగిసింది. ఆ మొదటి రోజు చనిపోయిన మిత్రరాజ్యాల సైనికులే 4,400 మందికి పైగా. గెలిచారని ఈ లెక్క తెలిశాక విన్నారు కాబట్టి, ఒక్కడు కూడా చప్పట్లు కొట్టలేదు. అలాగని ఎవరూ నీరసపడలేదు కూడా. వాళ్ళు వెళ్ళకపోయి ఉంటే హిట్లర్ ఇంకెన్నాళ్ళు ఉండేవాడని వాళ్ళల్లో వాళ్ళే వాదించుకుంటూ మెట్లు దిగారు.

పిల్లలకి చరిత్ర ఎలా చెప్పాలని అడిగే తల్లిదండ్రులకి నేను చెప్పేది ఇదొక్కటే. చివరి మాట ముందు చెప్పకండి. మధ్యలో ఉన్నవాళ్ళకి అది తెలియదని గుర్తు చెయ్యండి. అన్నట్టు, పన్నెండేళ్ళ లోపు వాళ్ళకి ఆ ఒమాహా సినిమాలు చూపించకండి. ముందు పటం చూపించండి, పేర్లు చెప్పండి, ఎవరికి ఎప్పుడు టెలిగ్రాం వచ్చిందో చెప్పండి.

ఈ ఏడు మా డాబా మీద కథ మారుతోంది. ఆర్మీవాళ్ళ అమ్మాయి కోహిమా గురించి చెప్పమంది. వాళ్ళ నాన్న సెలవులో వచ్చినప్పుడు చెప్పారట, అక్కడ కొండ మీద పెద్ద సైనిక స్మశానం ఉందని. నాకు తెలిసింది తక్కువే. లైబ్రరీ నుంచి రెండు పుస్తకాలు తెచ్చుకుని, రోజూ మధ్యాహ్నం భోజనం అయ్యాక చదువుతున్నాను. షరతు మాత్రం పాతదే.